ఎక్స్‌రే గది ఉద్యోగం: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో రేడియోలజిక్ టెక్నాలజిస్టుల (ఎక్స్‌రేలు తీసేవాళ్ల) చదువు, లైసెన్సు, రోజువారీ పని గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఇండియాలో ఇమేజింగ్ టెక్నాలజీలో బీఎస్సీ చేసి, నాలుగేళ్లు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు, సీటీలు తీశాను. పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద డాలస్ వచ్చాను. ఇక్కడ టెక్నాలజిస్టుగా చేరాలంటే మళ్లీ మొదటినుంచీ చదవాలా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

చదవాలమ్మా. మీ నాలుగేళ్ల అనుభవం క్లాసులో, ఆస్పత్రిలో మీకు బాగా అక్కరకొస్తుంది. దరఖాస్తులో మాత్రం దానికంత విలువుండదు. ఇక్కడ అర్హత పరీక్ష పెట్టేది అమెరికన్ రిజిస్ట్రీ ఆఫ్ రేడియోలజిక్ టెక్నాలజిస్ట్స్, అంటే ఏఆర్‌ఆర్‌టీ. 1922లో మొదలైన సంస్థ. ఈ రంగంలో ఉన్నవాళ్లంతా దాన్ని ‘రిజిస్ట్రీ’ అనే పిలుస్తారు. ఆ పరీక్షకు కూర్చోవాలంటే రిజిస్ట్రీ గుర్తించిన రేడియోగ్రఫీ కోర్సు పూర్తిచేసి ఉండాలి. 2015 జనవరి నుంచి దీనికి తోడు కనీసం అసోసియేట్ డిగ్రీ కూడా ఉండాలన్నారు. మీ బీఎస్సీ ఆ కోర్సుకు బదులు కాలేదు.

ఎక్కువమంది వెళ్లే దారి కమ్యూనిటీ కాలేజీ. దాదాపు రెండేళ్ల కోర్సులో డిగ్రీ, శిక్షణ రెండూ అక్కడే పూర్తవుతాయి. కొన్ని ఆస్పత్రులు సొంతంగా సర్టిఫికెట్ కోర్సులు నడుపుతాయి. వాటిలో చేరితే డిగ్రీ సంగతి విడిగా చూసుకోవాలి. కోర్సులో చేరడానికి ముందు అనాటమీ-ఫిజియాలజీ, కాలేజీ ఆల్జీబ్రా, ఇంగ్లిష్, మెడికల్ టెర్మినాలజీ లాంటివి పూర్తిచేసి ఉండాలని అడుగుతారు. మీ బీఎస్సీ ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. మార్కుల జాబితాలను మూల్యాంకన సంస్థతో మదింపు చేయించి కాలేజీకి ఇస్తే వాటిలో కొన్నింటికి మినహాయింపు దొరకవచ్చు. ఏ సంస్థ మదింపును ఒప్పుకుంటారో కాలేజీనే ముందుగా అడగండి, తర్వాతే డబ్బు కట్టండి.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ జేఆర్‌సీఈఆర్‌టీ గుర్తింపు ఉన్నవాటినే చూడండి. ఆ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ మూడు అంకెలు బయటపెట్టాలి: తొలి ప్రయత్నంలోనే పరీక్ష పాసైనవాళ్ల శాతం, ఉద్యోగం దొరికినవాళ్ల శాతం, కోర్సు పూర్తిచేసినవాళ్ల శాతం. మొదటిది ఐదేళ్ల సగటున 75 శాతానికి తగ్గకూడదని నియమం. అందరూ ఆ మొదటి అంకే చూసి చేరిపోతారు. మేం మాత్రం మూడోదాన్ని ముందు చూడమంటాం. ఇరవైమందిని చేర్చుకుని పదిమందిని మధ్యలోనే ఇంటికి పంపేస్తే, మిగిలిన పదిమందీ పరీక్ష పాసవడంలో వింతేముంది? ఆ పంపేసినవాళ్లలో మీరుంటే రెండేళ్లూ, ఫీజూ పోయినట్టే.

పరీక్ష పాసయ్యాక రాష్ట్రం లైసెన్సు వేరు. టెక్సస్‌లో అది టెక్సస్ మెడికల్ బోర్డు కిందికి వస్తుంది. అక్కడ ఎంఆర్‌టీ పూర్తి సర్టిఫికెట్, ఎల్‌ఎంఆర్‌టీ పరిమిత సర్టిఫికెట్. రెండోది తొందరగా వస్తుందని కొందరు దానికి వెళతారు. దాంతో ఛాతీ, చేతులు-కాళ్లు, వెన్నెముక లాంటి కొన్ని భాగాలకే అనుమతి. మీలాంటి అనుభవమున్నవాళ్లు దాని దగ్గర ఆగిపోతే మళ్లీ సీటీ వైపు రావడం కష్టం. చివరగా, హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ జీతం తీసుకోవాలంటే వర్క్ పర్మిట్ ఉండాలి. ఆ లెక్క కోర్సు మొదలుకాకముందే వేసుకోండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. తుంటి ఎక్స్‌రే తీసినప్పుడు కింద లెడ్ (సీసం) ముక్క కప్పలేదు. అడిగితే ‘ఇప్పుడు కప్పడం మానేశాం’ అన్నారు. మా చిన్నప్పుడు తప్పకుండా కప్పేవారు. ఇది నిర్లక్ష్యం కాదా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

మీ భయం సహజమే, కానీ ఆ టెక్నాలజిస్టు చేసింది సరైన పనే. మర్మాంగాలకు లెడ్ కప్పే అలవాటు 1950లలో మొదలైంది. దాన్ని మానేయమని వైద్యరంగ ఫిజిసిస్టుల (భౌతికశాస్త్ర నిపుణుల) సంఘం అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిసిస్ట్స్ ఇన్ మెడిసిన్ 2019 ఏప్రిల్‌లో ప్రకటించింది. రేడియేషన్ రక్షణపై సిఫార్సులు చేసే జాతీయ మండలి ఎన్‌సీఆర్‌పీ కూడా 2021 జనవరిలో అదే చెప్పింది.

కారణాలు మూడు. ఒకటి, పొట్టలో, తుంటిలో తీసే ఎక్స్‌రేలో లోపలి అవయవాలకు తగిలే కిరణాల్లో చాలావరకు ఒంట్లోనే చెదిరి వచ్చేవి. పైన పరిచిన లెడ్ ముక్క వాటిని ఆపలేదు. రెండు, ముక్క కాస్త జరిగితే డాక్టరు చూడాల్సిన ఎముకనే కప్పేస్తుంది. అప్పుడు మళ్లీ తీయాలి. ఆడపిల్లల విషయంలో అండాశయాలు ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు కాబట్టి లెడ్ చాలాసార్లు వాటిమీద పడనే పడదు. మూడోది అందరికీ తెలియనిది. చాలా యంత్రాల్లో ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ కంట్రోల్ ఉంటుంది. పేషెంటు వెనకనున్న సెన్సర్లకు తగినంత కిరణాలు చేరగానే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. ఆ సెన్సర్ ముందు లెడ్ పడితే కిరణాలు చేరవు. యంత్రం ఇంకా చాలలేదనుకుని ఆగకుండా కొడుతూనే ఉంటుంది. కాపాడాలని కప్పిన ముక్కే పిల్లాడి డోసును పెంచేస్తుంది.

పుట్టబోయే తరాలకు జన్యుదోషాలు వస్తాయనే భయంతో ఆ అలవాటు మొదలైంది. ఇన్ని దశాబ్దాల పరిశీలనలో మనుషుల్లో అలాంటి ప్రభావం కనిపించలేదు. ఈ రోజుల్లో యంత్రాలు ఇచ్చే డోసు కూడా అప్పటితో పోలిస్తే చాలా తక్కువ. దంతవైద్యుల సంఘం ఏడీఏ కూడా 2024 ఫిబ్రవరిలో దంతాల ఎక్స్‌రేలకు లెడ్ ఏప్రాన్, మెడకు చుట్టే థైరాయిడ్ కాలర్ అక్కర్లేదని చెప్పింది.

ఈసారి వెళ్లినప్పుడు లెడ్ గురించి అడగకండి. ఈ మూడూ గమనించండి. కిరణాలు పడేచోటు చూపే వెలుతురు చతురస్రం అవసరమైన భాగానికే బిగించారా? దాన్ని కొలిమేషన్ అంటారు. బాబు సన్నగా ఉంటే గ్రిడ్ (చెదిరిన కిరణాలను వడకట్టే పలక) తీసేశారా? శరీరభాగం 10 సెంటీమీటర్లకంటే పలచగా ఉన్నప్పుడు గ్రిడ్ అక్కర్లేదు. ఉంటే డోసు ఊరికే పెరుగుతుంది. మూడోది, బాబు కదలకుండా పట్టుకోమని మిమ్మల్ని అడిగితే మీకు మాత్రం ఏప్రాన్ వేయాలి, మీ చేతులు కిరణాల దారిలో ఉండకూడదు. మీరు గర్భవతి అయితే ఆ సంగతి వెంటనే చెప్పి, పట్టుకునే పని ఇంకొకరికి వదిలేయండి.

ప్రశ్న: మా అబ్బాయి రిజిస్ట్రీ పరీక్షలో 73 తెచ్చుకుని ఫెయిలయ్యాడు. రెండే రెండు శాతంలో పోయింది కదా, రీవాల్యుయేషన్ అడగొచ్చా?
– ఒక తండ్రి, ఇల్లినాయిస్

ఆ 73 శాతం కాదండీ. పాస్ మార్కు 75 అన్నది స్కేల్డ్ స్కోరు. ఏ పేపరు కాస్త కష్టంగా వచ్చినా, తేలిగ్గా వచ్చినా తూకం ఒకటిగానే ఉండేలా లెక్కగట్టిన సంఖ్య. కాబట్టి ఎన్ని ప్రశ్నల తేడాతో పోయిందో ఆ సంఖ్యనుబట్టి చెప్పలేం. పరీక్షలో లెక్కలోకొచ్చే ప్రశ్నలు 200. వాటితో పాటు మార్కులు లేని ప్రయోగాత్మక ప్రశ్నలు కొన్ని కలిసివస్తాయి. ఏవి లెక్కలోకొస్తాయో రాసేవాళ్లకు తెలియదు.

మొత్తం మూడేళ్లలో మూడు ప్రయత్నాలు. అవి అయిపోతే మళ్లీ అర్హత సంపాదించుకోవాల్సి ఉంటుంది. అందుకే రెండోసారికి తొందరపడొద్దని చెప్పండి. ఫలితం కాగితంలో విభాగాలవారీగా స్కోర్లుంటాయి: పేషెంట్ సంరక్షణ, భద్రత, చిత్రం తయారీ, ప్రొసీజర్లు. తక్కువొచ్చిన విభాగం నుంచి మొదలుపెట్టాలి. పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం ఎక్కువమంది చేసే పొరపాటు.

పోయేది చాలామందికి లెక్కల్లోనే. అవి నిజానికి రెండు మూడు సూత్రాలు. 15 శాతం సూత్రం: కేవీపీ (ట్యూబు వోల్టేజి) 15 శాతం పెంచితే రిసెప్టర్‌కు (చిత్రాన్ని పట్టే పలకకు) చేరేది రెట్టింపవుతుంది, అప్పుడు ఎంఏఎస్ (ట్యూబు కరెంటు, సమయాల లబ్ధం) సగానికి దించొచ్చు. 80 కేవీపీ, 25 ఎంఏఎస్ ఉన్నచోట 92 కేవీపీ, 12.5 ఎంఏఎస్ అన్నమాట. దూరం సూత్రం: కిరణాల తీవ్రత దూరం వర్గానికి విలోమం. 40 అంగుళాల నుంచి 56 అంగుళాలకు జరిగితే తీవ్రత దాదాపు సగమవుతుంది, కాబట్టి 2 ఎంఏఎస్‌ను 4 చేయాలి. ఈ రెండూ నోటికి కాదు, చేతికి రావాలి. రోజుకు పది లెక్కలు, మూడు వారాలు చేయించండి.

ప్రశ్న: కొత్తగా చేరిన టెక్నాలజిస్టుని. నా ఎక్స్‌రేలు తెర మీద చక్కగా కనిపిస్తున్నాయి. వాటిని చదివే డాక్టర్లు, రేడియాలజిస్టులు ఒక్కసారీ తిప్పిపంపలేదు. అయినా మా లీడ్ టెక్ ‘నీ డీఐ ఎప్పుడూ ప్లస్ నాలుగు దగ్గరే ఉంటోంది’ అని మందలిస్తున్నారు. చిత్రం బాగున్నప్పుడు సమస్యేమిటి?
– ఒక పాఠకుడు, ఒహాయో

సమస్యంతా చిత్రం బాగుండటంలోనే ఉంది. ఫిల్మ్ రోజుల్లో ఎక్కువ కొడితే నల్లగా మాడిపోయేది. తప్పు అప్పటికప్పుడు కంటికి కనబడేది. డిజిటల్‌లో యంత్రం వెలుగునీడలను సర్ది చూపిస్తుంది. తక్కువ కొడితే గరుకుగా కనిపిస్తుంది, ఎక్కువ కొడితే మరింత నున్నగా వస్తుంది. గరుకు చిత్రానికి రేడియాలజిస్టు తిడతారు, నున్నటిదానికి ఎవరూ తిట్టరు. అందుకే టెక్‌ల చెయ్యి తెలియకుండానే పైకి జారిపోతుంది. దీనికి ‘డోస్ క్రీప్’ అనే పేరే ఉంది. మీ పేషెంట్లకు నొప్పి తెలియదు కాబట్టి వాళ్లూ ఫిర్యాదు చేయరు. వాళ్ల తరఫున చెప్పేది ఆ ఒక్క అంకే.

డీఐ అంటే డీవియేషన్ ఇండెక్స్. రిసెప్టర్‌కు అసలు చేరాల్సిన దానికీ, చేరినదానికీ మధ్య తేడా. సున్నా అయితే గురికి తగిలినట్టు. అది సంవర్గమాన కొలత, అందుకే అంకెలు చిన్నగా కనిపించి మోసం చేస్తాయి. ప్లస్ ఒకటి అంటే 26 శాతం ఎక్కువ. ప్లస్ మూడు అంటే రెట్టింపు. మీ ప్లస్ నాలుగు అంటే రెండున్నర రెట్లు. అటువైపు మైనస్ మూడు అంటే సగం.

అంకె చూడగానే ఎంఏఎస్ తగ్గించేయకండి, ముందు కారణం పట్టుకోండి. డీఐ పేషెంటు డోసు కాదు, రిసెప్టర్ దగ్గర కొలత. కాబట్టి ఈ వరసలో చూడండి.

మొదట కొలిమేషన్. వెలుతురు మరీ విశాలంగా తెరిస్తే శరీరం దాటి నేరుగా పడిన కిరణాలు కూడా లెక్కలో కలిసి డీఐ ఎగబాకుతుంది. తీశాక తెర మీద అంచులు కత్తిరించి అందంగా చూపడం దీనికి మందు కాదు. కత్తిరించిన భాగానికి కూడా పేషెంటు ఒంటిమీద కిరణాలు పడ్డాయి. పైగా అందులో కనబడే జబ్బును రేడియాలజిస్టుకు చూపకుండా దాచేసినట్టవుతుంది.

తర్వాత ఏఈసీ, అంటే పైన చెప్పిన ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ కంట్రోల్ సెల్. మూడు సెన్సర్లుంటాయి: పక్కన రెండు, మధ్యలో ఒకటి. ఛాతీ పీఏకి (వెనకనుంచి తీసేదానికి) పక్క రెండూ, లేటరల్‌కి (పక్కనుంచి తీసేదానికి) మధ్యది. పీఏకి మధ్యది వదిలేస్తే వెన్నెముక అడ్డొచ్చి యంత్రం ఎక్కువసేపు కొడుతుంది, ఊపిరితిత్తులకు అనవసరపు డోసు. మీ ప్లస్ నాలుగు ఛాతీలోనే ఎక్కువగా వస్తుంటే మా అనుమానం ముందు దీనిమీదే. లేటరల్‌లో పక్క సెల్ ఎంచుకుంటే అది శరీరం బయట పడి, యంత్రం ముందే ఆగిపోయి చిత్రం గరుకుగా వస్తుంది. తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లకు లోహం సెన్సర్ మీద పడితే బ్యాకప్ టైమర్ ఆపేదాకా కిరణాలు ఆగవు. అక్కడ ఏఈసీ వదిలేసి మాన్యువల్‌గా కొట్టాలి.

మూడోది దూరం. ఛాతీకి 72 అంగుళాలు ఉండాల్సింది ట్యూబు 60 దగ్గరే ఉండిపోయిందేమో చూడండి. మాన్యువల్‌గా కొట్టేటప్పుడు ఇదొక్కటే 44 శాతం పెంచేస్తుంది. గ్రిడ్ తీసేసి, గ్రిడ్‌కు సరిపోయే టెక్నిక్‌తోనే కొట్టడం నాలుగోది. ఇవన్నీ సరిగ్గానే ఉండీ అంకె దిగకపోతే యంత్రంలో పెట్టిన ప్రోటోకాల్ తప్పుండవచ్చు. అప్పుడు మీ ఫిజిసిస్టుకు చెప్పండి, మీరే సర్దుకుపోవద్దు.

ఇంకొక మాట. ప్లస్ నాలుగొచ్చింది కదా అని ఆ చిత్రాన్ని మళ్లీ తీయకూడదు. డోసు ఎప్పుడో వెళ్లిపోయింది. మళ్లీ తీస్తే మూడున్నర రెట్లవుతుంది. రిపీట్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: డాక్టరు అడిగినదానికి ఈ చిత్రంలో జవాబు దొరుకుతుందా? న్యుమోనియా అనుమానంతో పంపిన ఛాతీ చిత్రంలో కింది మూలలు తెగిపోతే, నీరు చేరిందో లేదో తెలియదు కాబట్టి మళ్లీ తీయాల్సిందే. ఐసీయూలో గొట్టం ఎక్కడుందో చూడమంటే, మనిషి కాస్త తిరిగి ఉన్నా గొట్టం కొస కనిపిస్తే చాలు. మనిషి తిరిగాడా లేదా తెలుసుకోవడానికి రెండు కాలర్ ఎముకల లోపలి కొసలూ వెన్నుపూస మధ్యగీతకు సమదూరంలో ఉన్నాయా అని చూస్తాం. శ్వాస సరిపోయిందా అంటే వెనక పక్కటెముకలు పది లెక్కపెట్టాలి. శ్వాస విషయంలో ఒక కిటుకు: మొదటిసారి గాలి పీల్చమని వదిలేయమనండి, రెండోసారి పీల్చినప్పుడు బిగబట్టమనండి. రెండోసారి ఎప్పుడూ ఎక్కువ నిండుతుంది. రిపీట్లు ఒక్కసారిగా తగ్గుతాయి.

డిజిటల్ విభాగాల్లో తిరస్కరించిన చిత్రాలు 8 శాతం దగ్గర ఉండాలని, 10 దాటితే కారణం వెతకాలని ఫిజిసిస్టుల సంఘం 2015లో సూచించింది. సున్నా ఉన్నా సంతోషించకండి. పనికిరాని చిత్రాలు కూడా పైకి వెళ్లిపోతున్నాయేమో చూడాలి.

ప్రశ్న: ఎక్స్‌రే తీసినామెను ‘విరిగిందా?’ అంటే ‘డాక్టరుగారు చెబుతారు’ అంటుంది. చూస్తే ఆమెకి తెలిసిపోతుంది కదా, ఎందుకు దాస్తారు?
– ఒక పాఠకుడు, జార్జియా

తెలిసే ఉండవచ్చు. చెప్పే అధికారం ఆమెకు లేదు. చిత్రం చదివి జబ్బు తేల్చడం టెక్నాలజిస్టు పని పరిధిలోకి రాదని రిజిస్ట్రీ నైతిక నియమావళిలోనే ఉంది. దాటితే సర్టిఫికెట్‌కే ముప్పు. అయితే ప్రమాదకరమైనది కనబడితే ఆమె ఊరుకోదు. ఊపిరితిత్తి కుదించుకుపోయినట్టో, మెడ ఎముక జరిగినట్టో అనుమానం వస్తే వెంటనే రేడియాలజిస్టుకు ఫోన్ చేస్తుంది. మీరు అడగాల్సింది ‘రిపోర్టు ఎప్పుడొస్తుంది, ఎక్కడ చూడాలి’ అని. దానికి తప్పక జవాబిస్తుంది.

ప్రశ్న: ఎక్స్‌రే టెక్‌గా పనిచేస్తున్నాను. రెండు నెలల గర్భం. మేనేజరుకి చెబితే నా గంటలు కోసేస్తారని భయం. చెప్పకపోతే బిడ్డకి ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, పెన్సిల్వేనియా

చెప్పడం మీ ఇష్టం, ఎవరూ బలవంతపెట్టలేరు. కానీ రాతపూర్వకంగా ప్రకటించినప్పుడే చట్టం మీ బిడ్డకు విడిగా హద్దు గీస్తుంది. అప్పటిదాకా మీకు వర్తించేది పెద్దవాళ్ల హద్దు: ఏడాదికి 50 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలమానం). ప్రకటించాక గర్భకాలం మొత్తానికి బిడ్డకు 5 మిల్లీసీవర్టులు దాటకూడదు. నెలకు 0.5 దాటకుండా చూసుకోమని ఎన్‌సీఆర్‌పీ సలహా. ప్రకటనలో మీ పేరు, గర్భం వచ్చిన నెల అంచనా, సంతకం ఉంటే చాలు. దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కూ మీదే.

డోసు కొలిచే బ్యాడ్జి రెండోది అడిగి తీసుకోండి. మామూలుది కాలర్ దగ్గర ఏప్రాన్ బయట ఉంటుంది. ఇది నడుము దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. రెండూ తారుమారైతే కాలర్ దగ్గర పడ్డ డోసు బిడ్డ ఖాతాలో పడి అందరికీ కంగారు. కొక్కానికి తగిలించేముందే బ్యాడ్జీల మీద గుర్తు వేసుకోండి. నెలనెలా వచ్చే నివేదిక అడిగి చూడండి. మామూలు ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్లకు చాలా నెలలు ‘కొలవదగినంత లేదు’ అనే వస్తుంది. 0.5 మిల్లీమీటర్ల లెడ్‌కు సమానమైన ఏప్రాన్ చెదిరిన కిరణాల్లో తొంభై శాతానికి పైగా ఆపేస్తుంది. దాన్ని మడతపెట్టకూడదు, లోపల పగుళ్లొస్తాయి. ఈ ఏడాది పరీక్షించిన ముద్ర ఉన్నదాన్నే వేసుకోండి.

గంటల సంగతికొస్తే, గర్భిణీ ఉద్యోగులకు తగిన సర్దుబాట్లు చేయాలన్న ఫెడరల్ చట్టం 2023 జూన్ నుంచి అమల్లో ఉంది. పదిహేనుమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తిస్తుంది. ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే చిత్రాలు చూసే) గది డ్యూటీ మార్చమని, రోగుల్ని ఎత్తే పనికి తోడు ఇవ్వమని అడగడం మీ హక్కు. మా సలహా: ప్రకటించండి. ప్రకటించకపోతే దాచినట్టుంటుంది గానీ కాపాడినట్టుండదు.

ప్రశ్న: ఒహాయో నుంచి కాలిఫోర్నియా మారుతున్నాను. రిజిస్ట్రీ సర్టిఫికెట్ ఉంది. వెంటనే చేరొచ్చా?
– ఒక పాఠకుడు

చేరలేరు. రిజిస్ట్రీ దేశమంతటా గుర్తింపు ఉన్న సర్టిఫికెట్. లైసెన్సు ఏ రాష్ట్రానికారాష్ట్రం ఇచ్చేది. 1981లో కాంగ్రెస్ చేసిన చట్టం రాష్ట్రాలకు నమూనా ప్రమాణాలు చూపింది గానీ, పాటించడం వాటి ఇష్టానికే వదిలేసింది. అందుకే నేటికీ ఒక్కో రాష్ట్రం పద్ధతి ఒక్కోలా ఉంది. కాలిఫోర్నియాలో ప్రజారోగ్య శాఖలోని రేడియోలజిక్ హెల్త్ బ్రాంచ్ సీఆర్‌టీ సర్టిఫికెట్ ఇస్తుంది. మీ రిజిస్ట్రీ అర్హత చూపితే దానికి మళ్లీ పరీక్ష ఉండదు. చాలామందిని చిక్కున పడేసేది ఫ్లోరోస్కోపీ. అక్కడ దానికి విడిగా పర్మిట్ కావాలి, విడిగా పరీక్ష రాయాలి. ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ (ఫ్లోరోస్కోపీ యంత్రం) నడపాలన్నా అది ఉండాల్సిందే. ఆఫరు లెటరు మీద సంతకం పెట్టేముందు, పర్మిట్ వచ్చేదాకా ఏ పని ఇస్తారో రాతలో తీసుకోండి.

మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) ఒక్కదానికే దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టముంది, 1992 నాటిది. కొత్తగా చేరేవాళ్లకు 40 గంటల ప్రత్యేక శిక్షణ, పర్యవేక్షణలో 25 పరీక్షలు. ఆ తర్వాత రెండేళ్లకు 200 పరీక్షలు, మూడేళ్లకు 15 క్రెడిట్లు (ఉద్యోగంలో ఉంటూ చదివే పాఠాల లెక్క). మీరు మామో కూడా చేస్తుంటే ఆ లెక్కల కాపీలు పాత ఉద్యోగం వదిలేముందే తీసుకోండి. తర్వాత అడిగితే దొరకడం కష్టం.

ప్రశ్న: మూడేళ్లక్రితం తాగి కారు నడిపిన కేసులో నాకు శిక్ష పడింది. కోర్సులో చేరదామనుకుంటున్నాను. దాచిపెడితే తెలుస్తుందా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

దాచకండి. కేసు కంటే దాచడమే పెద్ద నేరమవుతుంది. రెండేళ్లు చదివాక కుదరదంటే అన్యాయం కాబట్టి, రిజిస్ట్రీలో ముందస్తు నైతిక పరిశీలనకు దరఖాస్తు పెట్టుకునే వీలుంది. కోర్సులో చేరకముందే ఆ జవాబు తెప్పించుకోండి. కోర్టు కాగితాలు, శిక్ష పూర్తిచేసినట్టు పత్రం, ఏం జరిగిందో మీ మాటల్లో ఒక పేజీ జతచేయాలి. ఆ పేజీలో ఎదుటివాళ్ల మీద నెట్టకుండా రాయండి. మద్యం, డ్రగ్స్ ప్రమేయం లేని మామూలు స్పీడింగ్ టికెట్లు చెప్పనక్కర్లేదు. మీది ఆ కోవలోకి రాదు.

ప్రశ్న: రిజిస్ట్రీ సర్టిఫికెట్ నిలుపుకోవడానికి క్రెడిట్లు ఎన్ని, ఎప్పటికి?
– ఒక పాఠకురాలు, మిషిగన్

రెండేళ్లకు 24. మీరు పుట్టిన నెల నుంచి లెక్క. 50 నుంచి 60 నిమిషాల పాఠానికి ఒక క్రెడిట్. 2011 నుంచి సర్టిఫికెట్ పొందినవాళ్లకు పదేళ్లకోసారి అర్హతల పునఃపరిశీలన కూడా ఉంది. అందులో ఏయే విషయాల్లో వెనకబడ్డారో తేలుతుంది, వాటికి తగిన క్రెడిట్లు చేయాలి. రాష్ట్రం లైసెన్సు గడువు, రిజిస్ట్రీ గడువు ఒకే తేదీన రావు. రెండూ ఫోనులో విడివిడిగా పెట్టుకోండి.

ప్రశ్న: రాత్రి డ్యూటీలో పోర్టబుల్ ఎక్స్‌రేలు (రోగి మంచం దగ్గరే తీసేవి) నేనే తీస్తాను. నర్సులు పరుగెత్తి బయటికి పోతారు. నేను ఎక్కడ నిలబడాలి?
– ఒక పాఠకుడు, మేరీల్యాండ్

యంత్రం నుంచి కాదు, పేషెంటు నుంచి దూరం లెక్కపెట్టుకోండి. ట్యూబు తిప్పి ఉన్న దిక్కులో మీరు లేనప్పుడు మీకు తగిలేదంతా రోగి ఒంటి నుంచి చెదిరి వచ్చేదే. ఒక మీటరు దూరంలో అది అసలు కిరణంలో వెయ్యో వంతు ఉంటుంది. రెండు మీటర్లకు జరిగితే అందులోనూ నాలుగో వంతే. పోర్టబుల్ స్విచ్ తీగ కనీసం ఆరడుగులు ఉండాలన్న నియమం అందుకే. తీగ పూర్తిగా చాపి, ఏప్రాన్ వేసుకుని, కిరణం వెళ్లే దిక్కుకు లంబంగా నిలబడండి. చెదిరేవి అక్కడ తక్కువ. ‘ఎక్స్‌రే’ అని గట్టిగా చెప్పి, పక్క మంచం దగ్గరున్నవాళ్లు జరిగారని కళ్లతో చూశాకే నొక్కండి. మార్కర్ విషయంలో ఒక్క మాట: ఎడమ, కుడి లెడ్ మార్కర్ కొట్టకముందే ప్లేటు మీద పెట్టండి. తీశాక కంప్యూటర్లో అక్షరం తగిలించడం సరైన పద్ధతి కాదు. రాత్రి మూడింటికి నిద్రమత్తులో ఎడమవైపు గాలి నిండిన ఛాతీ కుడివైపుగా మారితే, గొట్టం వేయాల్సిన డాక్టరు మంచి ఊపిరితిత్తికి వేస్తారు.